ఇల్లు కట్టే విద్య మన చేతుల్లోనే ఉండాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9ని ఆదివాసీల రోజుగా జరుపుకోవాలని ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించింది. ఏటా ఈ రోజున మనం కొమ్ము నృత్యం చూస్తాం, రేల పాటలు పాడుకుంటాం, విల్లంబులు పట్టుకుని ఫొటోలు దిగుతాం. అవన్నీ మన సంస్కృతే, కాదనను. కానీ ఒకదాన్ని మాత్రం ఎప్పుడూ ఈ వేదిక ఎక్కించలేదు. అది మన ఇల్లు. ఇంటిని మోసుకొచ్చి వేదిక మీద పెట్టలేం కాబట్టి, అదీ మన సంస్కృతేనన్న సంగతి మరిచిపోతున్నాం.

మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీలో నిట్టాడు పాతడం ఎంతమందికి వచ్చు? వెదురు చీల్చి తడిక అల్లడం ఎంతమందికి వచ్చు? కప్పు గడ్డి ఏ నెలలో కోయాలో ఎంతమందికి తెలుసు? చెయ్యి ఎత్తనివాళ్ళు సిగ్గుపడనక్కర్లేదు. మీరు హాస్టళ్ళలో చదువుకున్నారు, ఈ పని మీకు చూపించినవాళ్ళు లేరు. కానీ మీ తాతకు ఇవన్నీ వచ్చు. మీ నాన్నకు సగం వచ్చు. మీ దగ్గరకొచ్చేసరికి ఆగిపోతోంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది దాని గురించే.

ఒకే గోదావరి, రెండు రకాల ఇళ్ళు

గోదావరి పాపికొండల మధ్య నుంచి సన్నగా వచ్చి, పోలవరం దాటాక వెడల్పై, ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఈ కాస్త దూరంలోనే ఇళ్ళు ఎలా మారతాయో ఎప్పుడైనా గమనించారా?

పైన మన కొండల్లో వెదురుంది, ఎర్రమట్టి ఉంది, గట్టి కలప ఉంది, కొండవాలున పెరిగే కప్పు గడ్డి ఉంది. అందుకే కొండరెడ్ల ఇల్లయినా, కోయల ఇల్లయినా వెదురు తడిక, మట్టి పూత, గడ్డి కప్పు. కింద డెల్టాలో అడవి లేదు. తాడిచెట్టు ఉంది, వరిగడ్డి ఉంది, నల్లమట్టి ఉంది. అక్కడ తాటి మొద్దు దూలమైంది, తాటాకు కప్పయింది. మట్టి కాల్చుకోగలిగినవాళ్ళు పెంకుటిళ్ళు వేసుకున్నారు. కోనసీమలో కలిగినవాళ్ళు మధ్యలో వానా వెలుతురూ పడేలా మండువా లోగిళ్ళు కట్టుకున్నారు. సముద్రపు ఒడ్డుకు పోతే, తుఫాను గాలి మూలల్ని పట్టి లాగకుండా గుండ్రంగా, కప్పు నేలకు దగ్గరగా దించి కట్టిన చుట్టిళ్ళు ఉండేవి.

ఈ రెండు రకాల ఇళ్ళూ ఒకదానికొకటి పరాయివి కావు. రోడ్లు, లారీలు రాకముందు మన కొండల వెదురు, కలప తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి వదిలేవారు. అక్కడ దిగిన వెదురు డెల్టా ఇళ్ళకు వాసాలైంది, పెళ్ళిళ్ళకు పందిళ్ళైంది, తర్వాత్తర్వాత కాగితం మిల్లుకూ వెళ్ళింది. కింద ఊళ్ళలో నీడనిచ్చిన కప్పుల్లో మన అడవి కూడా ఉందని మీరు తల ఎత్తుకుని చెప్పొచ్చు.

పల్లెలో ఇల్లు ఎలా ఉండాలో 1937లో గాంధీజీ హరిజన్ పత్రికలో రాశారు. గాలీ వెలుతురూ చాలినంత ఉండాలి, ఐదు మైళ్ళ లోపు దొరికే సరుకుతోనే కట్టాలి అన్నారు. కేరళలో ఎన్నో ఇళ్ళు కట్టిన లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు జీవితమంతా ఆ మాటనే పట్టుకుని పనిచేశారు. మన తాతలు హరిజన్ పత్రిక చదవలేదు. వాళ్ళకు ఐదు మైళ్ళు కూడా అవసరం పడలేదు. ఇంటికి కావలసినదంతా కూతవేటు దూరంలోనే ఉండేది.

మన ఇంట్లో ఉన్న శాస్త్రం

పూరిల్లు అనగానే చదువుకోనివాళ్ళు ఏదో నాలుగు కర్రలు పాతి కట్టుకున్నది అనుకుంటారు. ఒక్కో పని విడదీసి చూద్దాం.

ముందు వెదురు. లేత బొంగు నరికితే ఏడాది తిరక్కుండా పుచ్చు పడుతుంది. మూడేళ్ళు దాటిన బొంగునే నరకాలి. చేత్తో తట్టి శబ్దం విని, గణుపుల దగ్గర రంగు చూసి ముదురో లేతో చెప్పగలిగే పెద్దలు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. వానలు వెళ్ళాక, చలికాలంలో నరకాలంటారు. కారణం ఉంది. వానాకాలంలో కొత్త మొలకలు లేచేటప్పుడు బొంగులో నీరు, తీపి, పిండి పదార్థం ఎక్కువ. పుచ్చు పురుగు తినేది ఆ పిండినే. నరికిన వెదురును వాగులో రాళ్ళ కింద కొన్ని వారాలు నానబెడితే ఆ పిండి చాలావరకు నీళ్ళలోకి దిగిపోతుంది. ఇవాళ ఇంజనీర్లు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో వెదురు నానబెడతారు. మందు కొత్తది, నానబెట్టాలన్న తెలివి పాతది.

తర్వాత గోడ. వెదురు బద్దలతో తడిక అల్లి, ఎర్రమట్టిలో పేడ, గడ్డి ముక్కలు కలిపి తొక్కి, రెండు వైపులా మెత్తుతాం. గడ్డి ముక్కలు మట్టి పగలకుండా పట్టి ఉంచుతాయి. తడిక లోపల ఎముకలా నిలబడుతుంది. ఈ గోడ తేలిక. ఎప్పుడైనా కూలినా మనిషి మీద టన్నుల బరువు పడదు. మన గోదావరి లోయ భూమి కదలని చోటేం కాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. కోస్టారికా అనే దేశంలో 1991లో పెద్ద భూకంపం వచ్చినప్పుడు, చుట్టూ ఎన్నో కట్టడాలు కూలాయి. అక్కడి వెదురు పథకం కింద కట్టిన ఇళ్ళు మాత్రం భూకంప కేంద్రానికి దగ్గరలో ఉండి కూడా నిలబడ్డాయి. అవి వెదురు అల్లిక మీద సిమెంటు పూసిన గోడలు. మనం మట్టి మెత్తేదాన్ని వాళ్ళు సిమెంటుతో మెత్తారు. లోపలి ఎముక ఒకటే.

ఇక కట్లు. అడ్డతీగ నారతో, వెదురు పేళ్ళతో కట్టిన ఇంట్లో మేకు అవసరం తక్కువ. మేకు కొడితే వెదురు చీలుతుంది, కట్టు కడితే చీలదు. గట్టి గాలి వచ్చినప్పుడు ఇల్లంతా కాస్త ఊగి మళ్ళీ సర్దుకుంటుంది. కట్లు విప్పితే ఇల్లు ఊడి వస్తుంది, బాగున్న కర్రలు ఇంకోచోట మళ్ళీ పనికొస్తాయి. పోడు కోసం ఊళ్ళే మారిన రోజుల్లో మనవాళ్ళకు అలాంటి ఇల్లే కావాల్సి వచ్చింది.

కప్పు సంగతి. గడ్డి కప్పు ఏటవాలుగా ఉండాలి, లేకపోతే నీళ్ళు జారకుండా గడ్డిలో నిలిచి కుళ్ళుతుంది. చూరు గోడ దాటి బాగా ముందుకు, కిందకు దిగాలి. మట్టిగోడకు శత్రువు వాన జల్లు. చూరు ఆ జల్లును ఆపుతుంది. కింద అరుగు నేల తేమను ఆపుతుంది. ఈ రెండూ సరిగ్గా ఉంటే మట్టిగోడ ఏళ్ళతరబడి ఉంటుంది. ఎండాకాలం సంగతి మీకే తెలుసు. రాజమండ్రి వైపు ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు చూశాం. ఆ ఎండలో రేకు కప్పు కింద మధ్యాహ్నం కూర్చోలేం. మందంగా వేసిన గడ్డిలో గాలి చిక్కుకుని ఉంటుంది, అది వేడిని కిందకు రానివ్వదు. పొయ్యి పొగ కప్పులోకి పోయి గడ్డికీ వెదురుకీ పురుగు పట్టకుండా కాపాడుతుంది. అటక మీద దాచిన విత్తనాలకూ ఆ పొగే కాపలా.

ఇన్ని పనులకు కావలసిన పనిముట్లు కత్తి, గొడ్డలి, బాడిస, గునపం. అవి కొండకమ్మర్ల కొలిమి నుంచి వచ్చేవి. ఇల్లు కడుతున్నారంటే ఊరంతా వచ్చేది. ఒకరు గుంతలు తీస్తే ఒకరు తడిక అల్లేవారు. ఆడవాళ్ళు మట్టి తొక్కి అలికేవారు. కూలి లెక్క లేదు. అంబలి, కూడు పెట్టి, రేపు వాళ్ళింటికి మనం వెళ్ళడమే ఆ బాకీ తీర్చడం. అంటే ఇల్లు కట్టేటప్పుడు ఊరు కూడా కలిసి గట్టిపడేది.

లోపాలు దాచుకోవద్దు

ఇంత చెప్పాను కదా అని, మనమంతా మళ్ళీ పూరిళ్ళకు వెళ్ళిపోదామని నేను అనడం లేదు. మన అమ్మలు పడిన బాధ మనకు తెలుసు. రెండు మూడేళ్ళకోసారి కప్పు మార్చాలి. చెదలు పడతాయి. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ ఎగిరితే వాడంతా కాలిపోతుంది. వానాకాలం నేల చెమ్మగిల్లుతుంది, పాము దూరుతుంది. కప్పును కాపాడే పొగే, పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి కళ్ళనూ ఊపిరితిత్తులనూ పాడుచేస్తుంది. పైగా ఇవాళ గడ్డి, వెదురు మునుపటిలా దొరకడం లేదు. గడ్డి కోసం ఒక పూట నడవాల్సి వచ్చినప్పుడు, మీ అమ్మ నాకు స్లాబు ఇల్లు కావాలంటే ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

బయటి నుంచి వచ్చినవాళ్ళు మన గుడిసె ముందు నిలబడి ఎంత చల్లగా ఉందో అని మెచ్చుకుని, సాయంత్రానికి వాళ్ళ ఏసీ గదికి వెళ్ళిపోతారు. ఆ మెప్పు కోసం మనం పూరింట్లో ఉండనక్కర్లేదు. మనకు కావాల్సింది పాత ఇంట్లోని తెలివి, కొత్త ఇంట్లోని భద్రత. రెండూ కలిసి ఉండవని ఎవరన్నారు?

బంగ్లాదేశ్‌లో దినాజ్‌పూర్ జిల్లా రుద్రపూర్ అనే పల్లె ఉంది. మన డెల్టా లాంటి నేల, మన లాంటి వానలు. 2005లో అక్కడ మట్టి, గడ్డి, వెదురుతో రెండంతస్తుల బడి కట్టారు. అన్నా హెరింగర్ అనే యువ ఆర్కిటెక్టు నమూనా గీస్తే, కట్టింది ఆ ఊరి కూలీలే. వాళ్ళు పాత పద్ధతిలో రెండే మార్పులు ముఖ్యంగా చేశారు. కింద ఇటుకతో పునాది వేసి, నేల తేమ పైకి ఎక్కకుండా మధ్యలో ఒక పొర వేశారు. వెదురును లెక్క ప్రకారం గట్టిగా కట్టి పై అంతస్తు నిలబెట్టారు. ఆ బడికి 2007లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది. మట్టి ఇల్లంటే వెనకబాటు అనుకునేవాళ్ళకు ఆ బడి ఫొటో చూపించండి.

కచ్చా, పక్కా

మన ఇళ్ళకు ప్రభుత్వ కాగితాల్లో ఒక పేరుంది. కచ్చా ఇల్లు. అంటే పచ్చిది, ఇంకా తయారు కానిది. సిమెంటు, ఇటుక ఉంటే పక్కా. ఈ రెండు మాటలు మన పిల్లల మనసుల్లో ఎంత పని చేశాయో చూడండి. బడిలో పిల్లవాడు మాది కచ్చా ఇల్లు అని రాసుకుంటాడు. వాడి తాత ఆ ఇంటి కోసం అడవంతా తిరిగి ఒక్కో కర్ర ఎంచి తెచ్చాడన్నది ఆ గడిలో పట్టదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పోలవరం ప్రాజెక్టు కింద మన ఊళ్ళు మునుగుతున్నాయి. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశలో 41.15 మీటర్లు అంటున్నారు. దేవీపట్నం మండలంలో ఎన్నో ఊళ్ళు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. కూనవరం, వీఆర్ పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో జనం రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో 75.6 అడుగులు వచ్చాక అంత వరద మళ్ళీ అప్పుడే. ఊళ్ళకు ఊళ్ళు నీళ్ళలో ఉంటే మనవాళ్ళు గుట్టలెక్కారు. కర్రలు పాతి, పైన టార్పాలిన్ కప్పి, పిల్లల్ని, ముసలివాళ్ళను అందులో కూర్చోబెట్టారు. ఆ రోజు ప్రాణాలకు నీడనిచ్చింది మన చేతుల్లోని ఆ పాత పనే.

పునరావాస కాలనీల్లో ఇళ్ళు కట్టి ఇస్తున్నారు. వరుసలు వరుసలుగా, ఒకే కొలత, ఒకే నమూనా. కప్పు కారదు, కరెంటు ఉంది, రోడ్డు ఉంది. మంచిదే. కానీ అడవి దూరమైంది. ఇప్పపూలు ఆరబెట్టే వాకిలి లేదు. కోళ్ళకు, మేకలకు చోటు లేదు. పందిరి వేసుకుందామంటే వెదురు కొనుక్కోవాలి. గోడ పగిలితే మనమే మట్టి తెచ్చి అలుక్కునేవాళ్ళం. ఇప్పుడు మేస్త్రీని పిలవాలి, సిమెంటు బస్తా కొనాలి, డబ్బు చూసుకోవాలి. నిన్నటిదాకా తన ఇంటిని తానే బాగుచేసుకున్న మనిషి ఇవాళ ఇంకొకరి కోసం ఎదురుచూస్తున్నాడు. మనం పోగొట్టుకున్నవాటిలో భూమికి లెక్క కట్టారు, చెట్టుకు లెక్క కట్టారు. ఈ విద్యకు ఎవరూ లెక్క కట్టలేదు. ఎందుకంటే అది ఏ రిజిస్టరులోనూ లేదు.

ఇలాంటిది మనకొక్కరికే జరగలేదు. ఈజిప్టులో నైలు నది పక్కన గుర్నా అనే ఊరుంది. పాత రాజుల సమాధుల మీద జనం ఇళ్ళు కట్టుకుని ఉన్నారని, 1940లలో ప్రభుత్వం వాళ్ళను కొత్త ఊరికి పంపాలనుకుంది. హసన్ ఫాతీ అనే గొప్ప ఆర్కిటెక్టు వాళ్ళ కోసం పచ్చి ఇటుకలతో అందమైన కొత్త గుర్నా కట్టాడు. మట్టి ఇళ్ళే, చల్లని ఇళ్ళే. అయినా చాలామంది జనం అక్కడికి పోలేదు. వాళ్ళ బతుకుతెరువు పాత ఊరితో ముడిపడి ఉంది, పొమ్మన్న నిర్ణయం వాళ్ళది కాదు. దీని నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. మట్టితో కట్టినా సిమెంటుతో కట్టినా, ఉండబోయేవాళ్ళను అడక్కుండా కట్టిన ఇల్లు సగం ఇల్లే.

మీరు చేయగలిగినవి

పెద్ద పెద్ద మాటలు వద్దు. ఇంటికి వెళ్ళాక మీ చేతులతో చేయగలిగినవి ఐదు చెబుతాను.

ఒకటి, రాసి పెట్టండి. మీ అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. మీ ఊళ్ళో ఇల్లు కట్టడం తెలిసిన పెద్దమనిషి దగ్గర కూర్చోండి. నిట్టాడు నుంచి చూరు దాకా ఒక్కో భాగాన్ని చూపించి, దాన్ని ఏమంటారో అడగండి. కోయవాళ్ళు కోయ మాటలోనే, కొండరెడ్లు తమ యాసలోనే రికార్డు చేయండి. ఏ పనికి ఏ కర్ర, ఏ నెలలో నరకాలి, ఏది వాడకూడదు, అన్నీ అడగండి. ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే విదేశీ పరిశోధకుడు కొండరెడ్ల మధ్య తిరిగి 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అనే పుస్తకం రాశాడు. అది 1945లో అచ్చయింది. ఇన్నేళ్ళు గడిచాయి. మన ఇంటి గురించి మన పిల్లలు రాసిన పుస్తకం రావాల్సిన సమయం ఇదే. ఈ సంచికను తెచ్చే సంఘమే దానికి చోటివ్వాలని పెద్దలను అడుగుతున్నాను.

రెండు, ఒక్క పనైనా చేత్తో నేర్చుకోండి. తడిక అల్లడం కావచ్చు, అరుగు అలకడం కావచ్చు, కప్పు వేయడం కావచ్చు. వీడియోలో దాచుకున్న పని చేతికి రాదు. వేసవి సెలవుల్లో ఊరి యువకులంతా కలిసి ఒక పందిరో, చదువుకునే చావిడో కట్టండి. పెద్దలను పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు తిడతారు, కర్ర వంకరగా పాతావంటారు. తిట్టించుకోండి, అలాగే నేర్చుకుంటాం.

మూడు, వెదురు మీద మన హక్కు తెలుసుకోండి. 2006 అటవీ హక్కుల చట్టంలో వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి. దాన్ని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనది. అడవిని కాపాడుకుని నిర్వహించుకునే సామూహిక హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు పల్లె ఉంది. మన గోదావరి అవతలి బంధువుల ఊరే అనుకోండి. వాళ్ళు గ్రామసభలో కూర్చుని, 2009లో సామూహిక అటవీ హక్కు సాధించుకున్నారు. 2011లో తమ వెదురును తామే అమ్ముకునేందుకు రవాణా అనుమతి పత్రాలు గ్రామసభే ఇచ్చే అధికారం తెచ్చుకున్నారు. అది ఒక్క రోజులో రాలేదు. చదువుకున్న పిల్లలు చట్టం చదివి పెద్దలకు విడమరిచి చెబితే మన ఊళ్ళోనూ అవుతుంది. వెదురు మన చేతికి రాకపోతే వెదురిల్లు గురించి మాట్లాడి లాభం లేదు.

నాలుగు, ఇంటి పథకాల కాగితాలు చదవండి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి, అందులోనే వంటకు చోటుండాలి. ఆ ఇంటిని కాంట్రాక్టరుకు అప్పగించకూడదు, కుటుంబమే దగ్గరుండి కట్టుకోవాలి. మన కొండరెడ్ల వంటి పీవీటీజీల కోసం 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్ పథకంలో ఇంటికి మొత్తం 2.39 లక్షల రూపాయల సాయం ఉంది. ఈ సంగతి తెలియకపోతే ఎవరో వచ్చి, మొత్తం నేను చూసుకుంటా సంతకం పెట్టు అంటాడు. మన ఇల్లు ఇంకొకరి లెక్కలోకి పోతుంది. స్థానిక సరుకుతో కట్టుకునే ఇళ్ళ నమూనాలను గ్రామీణాభివృద్ధి శాఖ, యూఎన్‌డీపీ, ఢిల్లీ ఐఐటీ కలిసి పహల్ అనే పేరుతో పుస్తకంగా తెచ్చాయి. వెదురుతో కట్టడం కుదరదని ఎవరైనా అంటే, 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళిలో వెదురుకు ప్రత్యేకంగా ఒక భాగమే ఉందని మర్యాదగా చెప్పండి. ఆ మాట చెప్పడానికైనా మనలోంచి ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు రావాలి. పాలిటెక్నిక్‌లో, ఇంజనీరింగ్‌లో సివిల్ చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇక్కడ ఉంటే ఈ బాధ్యత ముందు మీదే.

ఐదు, కాలనీకి వెళ్ళినా, స్లాబు ఇల్లొచ్చినా, అక్కడితో ఆగకండి. ఇంటి ముందు వెదురు వాసాలతో, గడ్డితోనో పెంకుతోనో వసారా దించుకోండి. స్లాబు మీద పందిరి వేస్తే కింది గది చల్లబడుతుంది. పొగ బయటకు పోయేలా వంటచోటుకు దారి చేయండి. కాలనీ గట్ల మీద, వాగు ఒడ్డున వెదురు నాటండి. నాటిన నాలుగైదేళ్ళకు కోతకు వస్తుంది. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్ల పెళ్ళిపందిరికి ఆ వెదురే పనికొస్తుంది. ఇంకా ఊరు ఖాళీ చేయనివాళ్ళు, కాలనీ నమూనా ఖరారయ్యేలోపు గ్రామసభ పెట్టి మీకు ఏం కావాలో తీర్మానం రాయించండి. వాకిలి ఎంత ఉండాలి, పశువుల పాక ఎక్కడ, పొయ్యి ఎటు, చావిడి ఎక్కడ, మన దేవతకు చోటెక్కడ. నోటితో చెబితే గాలికి పోతుంది, తీర్మానం పుస్తకంలో ఉంటే జవాబు చెప్పాల్సి వస్తుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇల్లు ఎప్పుడూ ఒకేలా ఉండాలని మన పెద్దలు కూడా అనుకోలేదు. పెంకు దొరికిన చోట పెంకు వేశారు, రేకు దొరికినప్పుడు రేకు వేశారు. ఏది వేసినా, కట్టింది వాళ్ళు, బాగుచేసుకున్నది వాళ్ళు, ఎలా ఉండాలో చెప్పింది వాళ్ళు. రేపు మీరు సిమెంటుతో కట్టుకున్నా, మట్టితో కట్టుకున్నా, ఆ మూడూ మీ దగ్గరే ఉండాలి. ఈ వారంలోనే మీ తాత దగ్గరకో, అమ్మమ్మ దగ్గరకో వెళ్ళి ఇంటి ముచ్చట మొదలుపెట్టండి. వాళ్ళు చెప్పడానికి సిద్ధంగానే ఉన్నారు. అడిగేవాళ్ళే కావాలి.



జై ఆదివాసీ.